కళ్ళు మండించని పొగ

మా అమ్మమ్మగారింట్లో రాగి బాయిలర్ పెరట్లో ఉండేది. నడుమ నిలువునా ఒక గొట్టం, చుట్టూ నీళ్ళు. గొట్టం అడుగున కొబ్బరి చిప్పలూ చితుకులూ వేసి అంటిస్తే మంట లోపల్లోపలే పైకి పాకేది, పొగ పైమూతిలోంచి పోయేది. వానాకాలంలో దాన్ని వసారాలోకి జరిపేవాళ్ళు గానీ స్నానాలగదిలోకి మాత్రం ఎప్పుడూ తేలేదు. తెస్తే కళ్ళు ఊరుకోవు మరి.

గ్యాసు మంట అలా కాదు. నీలంగా, బుద్ధిగా మండుతుంది. కన్ను మండదు, గోడ మసిబారదు. అందుకే దాన్ని గదిలోకి రానిచ్చారు. గీజర్ కథలో చిక్కంతా అక్కడే.

1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే పెయింటర్, గ్యాసుతో అప్పటికప్పుడు నీళ్ళు కాచే యంత్రం తయారుచేశాడు. ఐస్‌లాండ్‌లో నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి ఊట పేరు మీద దానికి గీజర్ అని పేరు పెట్టాడు. ఇంగ్లండ్‌లో ఆ మాట ఇప్పుడు పాతబడిపోయింది, మనం మాత్రం కరెంటు డబ్బానీ గీజరనే అంటున్నాం. మాన్ యంత్రంలో పైనుంచి నీళ్ళు సన్నటి తీగల మీదుగా జారేవి, కిందినుంచి మంట వేడి వాటికి ఎదురెక్కేది. నీటికీ మంటకూ మధ్య అడ్డు లేదు, పొగగొట్టం అసలే లేదు. మంట విడిచిన ఊపిరంతా స్నానం చేసే మనిషి చుట్టూనే తిరిగేది.

ఆ ఊపిరి ఎంతో లెక్క చూద్దాం. కిలో ఎల్పీజీ పూర్తిగా మండితే సుమారు మూడు కిలోల కార్బన్ డయాక్సైడ్, కిలోన్నర పైచిలుకు నీటి ఆవిరి వస్తాయి. అందుకు 15 కిలోలకు పైగా గాలి కావాలి. నిమిషానికి ఆరు లీటర్లు కాచే చిన్న గ్యాస్ గీజర్ ఇరవై నిమిషాలు వెలిగితే దాదాపు నాలుగు ఘనమీటర్ల గాలి వాడేస్తుంది. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్‌రూమ్‌లో మొత్తం గాలే ఎనిమిది ఘనమీటర్లు. తలుపు బిగించి, వెంటిలేటర్ మూసుకుంటే మిగిలిన సగంలోనే మనిషికీ మంటకూ వాటాలు.

అయితే గాలి పూర్తిగా అయిపోయేదాకా మంట ఆగదు. ఆక్సిజన్ తగ్గుతున్నకొద్దీ సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసనా లేదు. సిలిండర్ లీకైతే తెలియాలని గ్యాసులో కలిపే ఘాటువాసన కూడా మంటలో కాలిపోతుంది. "వాసనేం రాలేదండీ" అని ఇంట్లోవాళ్ళు చెప్పే మాట నిజమే, పాపం. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునే దానికన్నా రెండొందల రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువుని పట్టుకుంటుంది. 1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త తనమీదే ప్రయోగం చేసుకుని, దీన్ని పీల్చి చూసి, లక్షణాలు రాసుకున్నాడు. గనుల్లోకి చిన్న ప్రాణుల్ని తీసుకెళ్ళమన్నదీ ఆయనే. మనకన్నా ముందు అవి సొమ్మసిల్లుతాయి. బ్రిటన్ బొగ్గుగనుల్లో కెనరీ పిట్టలు 1986 దాకా ఆ కొలువు చేశాయి.

హాల్డేన్ ప్రయోగాల దశాబ్దంలోనే, అంటే 1890లలో, జర్మనీలో హ్యూగో యుంకర్స్ గ్యాసులో ఎంత వేడి ఉందో కొలిచే కెలోరీమీటర్ చేశాడు. మంట ఒక పక్క, పారే నీళ్ళు ఒక పక్క, మధ్యలో లోహం. కొలతకోసం చేసిన ఆ ఏర్పాటే స్నానాల హీటర్‌కి దారితీసింది. 1895లో దెస్సావులో కంపెనీ పెట్టాడు. 1915లో పూర్తిగా లోహంతో చేసిన విమానాన్ని ఎగరేసిన యుంకర్స్ కూడా ఈయనే.

నీటికీ మంటకూ మధ్య లోహం వచ్చాక, కాలిన గాలిని గొట్టంలోకి మళ్ళించడం సులువైంది. వేడిగాలి తేలిక కాబట్టి దానంతటదే పైకెక్కుతుంది. కానీ బయట ఈదురుగాలి ఎదురుకొడితే? మంట ఆరకుండా గీజర్‌కీ గొట్టానికీ మధ్య గొడుగులాంటి మూత పెట్టి, కింద సందు వదిలారు. ఐదు నిమిషాలు వెలిగించాక ఆ సందు దగ్గర అగరుబత్తి పట్టుకుని చూడండి. పొగ లోపలికి పోతే సరే. వెనక్కి తిరిగి మీ ముఖంమీదకొస్తే గీజర్ ఆపి బయటికి రండి. తలుపులన్నీ మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినా ఇలా జరగొచ్చు. ఫ్యాన్‌కి గాలి కావాలి. అది ఎక్కణ్ణుంచీ దొరక్కపోతే గొట్టంలోంచే గుంజుకుంటుంది.

చలిదేశాల విమాన షెడ్లలో కప్పుకింద వేలాడే ట్యూబ్ హీటర్లవాళ్ళు ఈ సంగతిని తెలివిగా వాడుకున్నారు. పొడుగాటి ఇనపగొట్టానికి ఒక కొసన బర్నర్, రెండో కొసన గాలిని బయటికి లాగే ఫ్యాన్. గొట్టం ఎక్కడైనా చిల్లుపడితే షెడ్డులోని గాలే లోపలికి పోతుంది తప్ప పొగ బయటికి రాదు. ఇళ్ళకి మరో ఉపాయం ఉంది, గొట్టంలో గొట్టం. లోపలిదాంట్లోంచి పొగ పోతుంది, బయటిదాంట్లోంచి తాజాగాలి వస్తుంది. గదిలో గాలితో మంటకు పనే ఉండదు. నన్నడిగితే గీజర్ కథలో అసలు కొత్త సంగతి ఇదే. నీళ్ళు కాయడం మా అమ్మమ్మకీ తెలుసు.

మన దగ్గర మాత్రం చవకరకం గ్యాస్ గీజర్ చాలాచోట్ల గొట్టం లేకుండానే గోడెక్కింది. బాత్‌రూమ్‌లో ఫిట్స్ వచ్చి పడిపోయినవాళ్ళని మూర్ఛరోగులనుకుని తెచ్చారనీ, తీరా చూస్తే కారణం గీజరనీ మన నరాల డాక్టర్లు వైద్య పత్రికల్లో రాశారు.

హైదరాబాద్‌లో మేం అద్దెకు దిగిన ఇంట్లోనూ అలాంటిదే ఉండేది. "వెంటిలేటర్ ఉంది కదా సార్" అన్నాడు బిగించడానికొచ్చిన కుర్రాడు. ఉంది, నిజమే. దోమలొస్తున్నాయని ముందున్నవాళ్ళు దానికి అట్టముక్క బిగించి, చుట్టూ టేపు వేశారు. అట్ట పీకేసి, గీజర్ని వెనక వాష్ ఏరియాలో బయటి గోడకి పెట్టించాం. గోడకి చిల్లు పొడిచి వేడినీళ్ళ పైపొక్కటే లోపలికి తెచ్చాం. ఇప్పుడు మొదటి రెండు చెంబులూ చన్నీళ్ళే వస్తాయి.