సీపీయూ గారూ... కాస్త నెమ్మది!

స్విచ్‌ వేయగానే జుయ్‌మంటుంది. కాసేపటికి గుర్రుమంటుంది. ఎండాకాలం వచ్చిందంటే పిండిమరలా మోగిపోతుంది. టేబుల్‌ కింద ఉండే ఆ డబ్బా రొద ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకుంటే... సగం పని అయిపోయినట్టే!

పగలు ఆ చప్పుడు ఎవరికీ పట్టదు. టీవీ, మిక్సీ, వీధిలో కూరగాయల బండి... వాటిలో అదీ కలిసిపోతుంది. రాత్రి పది దాటాకే తెలుస్తుంది దాని సంగతి. ఇంజినీరింగ్‌ చదివే అబ్బాయి ప్రాజెక్టు పూర్తి చేయాలని కూర్చుంటాడు. అదే గదిలో నాలుగడుగుల దూరంలో తాతయ్య మంచం. 'ఇక కట్టెయ్‌రా నాయనా' అని ఆయన, 'ఇంకో అరగంట తాతయ్యా' అని మనవడు. రెండు గదుల ఇళ్లలో ఇది రోజూ ఉండే పంచాయితీయే.

పెద్దాయన చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. నిద్ర చెడకుండా ఉండాలంటే పడకగదిలో అదేపనిగా వినిపించే శబ్దం 30 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు రాత్రిపూట పెట్టిన పరిమితి 45 డెసిబెళ్లు. అది వీధి లెక్క. లోపల మోగే డబ్బాకు ఏ పోలీసూ రాడు కదా!

ముందు చెవి పెట్టండి
సీపీయూలో చప్పుడు చేసేవి ప్రధానంగా కదిలే భాగాలే. ప్రాసెసర్‌ మీద ఒక ఫ్యాను, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లో ఒకటి, క్యాబినెట్‌ వెనక ఒకటి. గేములాడే పిల్లలున్న ఇంట్లో గ్రాఫిక్స్‌ కార్డు మీద మరొకటో రెండో. వీటికి తోడు గిర్రున తిరిగే హార్డ్‌డిస్కు.

అన్నిటినీ ఒకేసారి మార్చేద్దామని చాలామంది తొందరపడతారు. డబ్బు దండగ. శబ్దాల కూడిక మామూలు కూడిక కాదు మరి. ఒకే మోత మోగే రెండు ఫ్యాన్లు కలిస్తే పెరిగేది మూడు డెసిబెళ్లే. అంటే అన్నిటికన్నా గట్టిగా అరిచేదాన్ని వదిలేసి మిగతావాటి నోరు మూయించినా చెవికి పెద్దగా తేడా తెలియదు. కాబట్టి ముందు దొంగను పట్టుకోవాలి. ఓ కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక చివర చెవికి ఆనించి, రెండో చివరను క్యాబినెట్‌ చుట్టూ తిప్పితే చాలు, ఇట్టే దొరికిపోతుంది.

గాలి హోరులా ఒకే తీరుగా వినిపిస్తే ఫ్యాను వేగంగా తిరుగుతోందని అర్థం. గరగరమంటే దాని బేరింగ్‌ అరిగింది. రేకు అదిరినట్టుంటే క్యాబినెట్‌ పక్క పలకను అరచేత్తో నొక్కి చూడండి. చప్పుడు ఆగిందా... స్క్రూ వదులైంది, అంతే! బిగిస్తే పైసా ఖర్చు లేకుండా పని అయిపోతుంది. అన్నట్టు, కొన్ని ఇళ్లలో తీరా చూస్తే ఆ గుయ్‌మనే మోత పక్కనున్న యూపీఎస్‌ది!

వేడి తగ్గనిదే నోరు తగ్గదు
ఫ్యాను ఊరికే అరవదు. లోపల వేడెక్కితేనే వేగం పెంచుతుంది. చప్పుడు నచ్చలేదని ఫ్యానునే పీకేస్తే ఏమవుతుందో యాపిల్‌ సంస్థకు బాగా తెలుసు. 1980లో తెచ్చిన యాపిల్‌-3లో ఫ్యాను ఉండకూడదని స్టీవ్‌ జాబ్స్‌ పట్టుబట్టారు. తొలి యంత్రాలు వేడెక్కి మొరాయించాయి, లోపలి చిప్పులు వదులయ్యాయి. కంప్యూటర్‌ను రెండు మూడంగుళాలు పైకెత్తి టేబుల్‌ మీద పడేయండని వాడకందార్లకు సలహా ఇచ్చారట! 2004 నాటి పెంటియం-4 రకాల్లో కొన్నయితే వంద వాట్ల బల్బుకు సమానంగా వేడి కక్కేవి. ఆ రోజుల్లో కంప్యూటర్‌ కొన్నవాళ్లకు ఆ హోరు ఇంకా గుర్తుండే ఉంటుంది. 2006లో వచ్చిన కోర్‌ 2 డ్యుయో రకాల్లో ఎక్కువ భాగం 65 వాట్లకే సరిపెట్టుకోవడంతో చెవులు కాస్త తెరిపిన పడ్డాయి.

మన ఇళ్లలో అసలు శత్రువు దుమ్ము. రోడ్డు దుమ్ముకు వంటింటి నూనె ఆవిరి, అగరొత్తుల పొగ తోడై జిగురుగా మారి, ప్రాసెసర్‌ మీదుండే అల్యూమినియం రేకుల మధ్య దుప్పటిలా పరుచుకుంటుంది. గాలి ఆడదు. దాంతో ఫ్యాను మరింత వేగం పుంజుకుంటుంది. బయట 43 డిగ్రీల ఎండ కాసే విజయవాడ, రామగుండం లాంటిచోట చెప్పేదేముంది!

శుభ్రం చేయడానికి మెకానిక్కే రావాలని లేదు. ప్లగ్గు పీకేసి, పవర్‌ బటన్‌ ఒకసారి నొక్కి, సీపీయూను వరండాలోకి తీసుకెళ్లండి. మెత్తటి పెయింటు బ్రష్షుతో దుమ్ము కదిలించి బ్లోయరుతో ఊదేయండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవడం మరవొద్దు. లేదంటే అది విపరీతంగా తిరిగి బేరింగ్‌ దెబ్బతినొచ్చు. ఇంట్లో వాడే వాక్యూమ్‌ క్లీనర్‌తో స్థిర విద్యుత్తు ప్రమాదం, దాన్ని దూరంగా ఉంచండి. ఎస్‌ఎంపీఎస్‌ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. ప్లగ్గు తీసినా అందులోని కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది, షాక్‌ కొడుతుంది.

శుభ్రం చేశాకా వేడి తగ్గకపోతే ప్రాసెసర్‌కూ పై రేకులకూ మధ్య పూసే థర్మల్‌ పేస్టు ఎండిపోయి ఉంటుంది. పాతది తుడిచి, ఆవగింజకు పెద్ద, శనగగింజకు చిన్న అన్నంత కొత్తది పెడితే సరి. చెయ్యి తిరగనివాళ్లు ఈ ఒక్క పనీ తెలిసినవాళ్లకు అప్పగించడం మేలు.

పెద్ద ఫ్యానే... నెమ్మదిగా!
చిన్న ఫ్యాను చిన్నగా మోగుతుందనుకుంటాం. జరిగేది తిరకాసు! 80 మిల్లీమీటర్ల ఫ్యానుతో పోలిస్తే 120 మిల్లీమీటర్లది రెట్టింపుకు పైగా వైశాల్యంలో గాలి తోస్తుంది. అంతే గాలికి అది చాలా నెమ్మదిగా తిరిగినా చాలు. వేగం తగ్గితే లాభం మామూలుగా ఉండదు. ఏ ఫ్యాను వేగమైనా సగానికి తగ్గితే గాలీ సగమవుతుంది కానీ, చప్పుడు దాదాపు 15 డెసిబెళ్లు పడిపోతుంది. పది తగ్గితేనే చెవికి సగమైనట్టు ఉంటుంది మరి. అందుకే క్యాబినెట్‌లో చోటుంటే పెద్ద ఫ్యాను వేయించుకోవడం మంచి బేరం. సికింద్రాబాద్‌ చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌ లాంటి కంప్యూటర్‌ మార్కెట్లలో కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. నాలుగు పిన్నులున్నది అడగండి, వేడిని బట్టి వేగం మార్చుకోవడం దానికి తేలిక. బయాస్‌లోకి వెళ్తే ఫ్యాన్ల వేగం సర్దే చోటు కూడా ఉంటుంది. వేగం తగ్గించాక ఓ గంట బరువైన పని చేయించి ఉష్ణోగ్రత చూసుకోవాలి. 80 డిగ్రీల లోపుంటే నిశ్చింత.

గరగరలాడే పాత ఫ్యానుకు మధ్యనున్న స్టిక్కర్‌ ఎత్తి ఒక చుక్క కుట్టుమిషన్‌ నూనె వేస్తే కొన్నాళ్లు ఊరుకుంటుంది. కొబ్బరినూనె వేస్తారు కొందరు... చలికాలంలో గడ్డకట్టేది ఫ్యానులోనూ గడ్డకడుతుందని వేరే చెప్పాలా!

మరో ముఖ్యమైన సంగతి. కంప్యూటర్‌ టేబుల్‌లో సీపీయూ కోసం ఇచ్చే చెక్క అర ఉంటుంది చూశారూ... చూడ్డానికి ముచ్చటగా ఉన్నా అది పొయ్యి లాంటిది. వెనక పలక తీసేయండి, లేదా సీపీయూను బయటికి తెచ్చి గోడకు జానెడు దూరంలో పెట్టండి. నేల మీదే వద్దు, ఊడ్చినప్పుడల్లా దుమ్మంతా అదే పీలుస్తుంది. చిన్న పీట వేసి, కాళ్ల కింద పాత సైకిల్‌ ట్యూబు ముక్కలుంచితే అదురు కిందికి దిగదు.

టక్‌... టక్‌... అంటోందా?
చాలా హార్డ్‌డిస్కులు నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 120. ఆ అదురు స్క్రూల గుండా రేకులోకి పాకి పెద్దదవుతుంది. వీణకు బుర్ర ఎలాగో దీనికి క్యాబినెట్‌ అలాగ. స్క్రూల దగ్గర రబ్బరు వాషర్లు వేస్తే కొంత నయం. దాన్నసలు తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టుకుంటే ఆ మోతే ఉండదు. అందులో తిరిగేదేదీ లేదు. పాత కంప్యూటర్‌ వేగం పెరగడం అదనపు లాభం.

అయితే ఇంతకాలం మామూలుగా ఉన్న డిస్కు ఉన్నట్టుండి టక్‌... టక్‌... అని ఒకే లయలో కొట్టుకోవడం మొదలుపెడితే మాత్రం చప్పుడు తగ్గించే ఆలోచన పక్కన పెట్టేయండి. లోపలి హెడ్డు డేటాను చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్నప్పుడు వచ్చే చప్పుడది. దాన్ని తట్టడం, ఫ్రిజ్‌లో పెట్టడం, పదేపదే ఆన్‌ చేసి చూడటం... ఇవన్నీ ఉన్నదాన్నీ పోగొట్టుకునే దారులే. కంప్యూటర్‌ ఇంకా డిస్కును గుర్తిస్తుంటే వెంటనే పెళ్లి ఫొటోలు, పాప తొలి అడుగుల వీడియో, పొలం కాగితాల స్కాన్‌లు మరో డ్రైవులోకి కాపీ చేసుకోవాలి. గుర్తించకపోతే ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. స్క్రూడ్రైవర్‌ సంగతి ఆ తర్వాతే.