ప్యాక్ విప్పని రెజ్లింగ్ బొమ్మకి అంత రేటు ఎందుకు?

స్కూల్లో డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డ్స్ ఆడినవాళ్లందరికీ ఈ ఎపిసోడ్ కనెక్ట్ అవుతుంది. ఈరోజు టాపిక్ రెజ్లింగ్ బొమ్మల కలెక్షన్. ఇందులో నేను బుక్కయిన కథ కూడా ఉంది, అది కాసేపట్లో చెప్తాను.

ముందు కొంచెం హిస్టరీ. 1984లో అమెరికాలో ఎల్‌జేఎన్ అనే కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ బొమ్మలు తెచ్చింది. దాదాపు 8 అంగుళాల గట్టి రబ్బరు బొమ్మలు, చేతులు కాళ్లు కదలవు. 1990లో హాస్‌బ్రో వచ్చింది. సైజు తగ్గింది, ప్లాస్టిక్ అయింది, లోపల స్ప్రింగులు పెట్టారు. 1994తో ఆ లైన్ ఆగిపోయింది. తర్వాత జాక్స్ పసిఫిక్, 2010 నుంచి మాటెల్. మాటెల్ ఎలైట్ సిరీస్‌లో మోచేతులు, మోకాళ్లు కూడా వంగుతాయి.

మరి రేటు ఎక్కడి నుంచి వస్తుంది? సింపుల్. ఇవి పిల్లలు కొట్టుకోవడానికి చేసిన బొమ్మలు. కొన్న రోజే కవర్ చింపి ఆడేశారు. ఎల్‌జేఎన్ బొమ్మలకైతే ముందు ముక్కు దగ్గర, జుట్టు దగ్గర రంగు పోతుంది. అందుకే ప్యాక్ విప్పకుండా మిగిలినవి తక్కువ. హాస్‌బ్రో చివరి సిరీస్‌ని కలెక్టర్లు గ్రీన్ కార్డ్ అంటారు. అందులోని 1-2-3 కిడ్ లాంటివి దొరకడమే కష్టం.

అంటే మనం డబ్బులిచ్చేది బొమ్మ ఒక్కదానికే కాదు, వెనక ఉన్న అట్టకి, ముందున్న ప్లాస్టిక్ బబుల్‌కి కూడా. నేను దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే.

ఉద్యోగంలో మొదటి బోనస్ రాగానే ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర సీల్డ్ హాస్‌బ్రో జేక్ రాబర్ట్స్ కొన్నాను. 14 వేలు. అమ్మ అయితే "ఏరా, బొమ్మకి అన్ని డబ్బులా?" అంది. పార్సిల్ వచ్చాక లైట్ కింద పెట్టి చూస్తే బబుల్ అంచు చుట్టూ జిగురు మెరుస్తోంది. ఎవరో ఎప్పుడో విప్పి, మళ్లీ అతికించారు. అడిగితే అవతలి నుంచి రిప్లై లేదు.

కాబట్టి కొనేముందు మూడు చూడండి. ఒకటి, బబుల్ అంచుల క్లోజప్ వీడియో అడగండి. జిగురు మరకలున్నా, అంచు దగ్గర అట్ట పై పొర లేచినా వదిలేయండి. రెండు, బబుల్ పసుపెక్కిందా, నొక్కుకుపోయిందా చూడండి. మూడు, లూజ్‌గా కొంటే దాంతో రావాల్సిన వస్తువులు ఉన్నాయా అడగండి. జేక్‌కి పాము ఉండాలి. అది లేకపోతే రేటు తగ్గాల్సిందే.

ఇంతకీ నా జేక్ ఏమయ్యాడంటారా? సీల్ ఎలాగూ పోయింది కదా అని నేనే విప్పేశాను. ముప్పై ఏళ్లు దాటినా స్ప్రింగ్ ఇంకా గట్టిగా ఉంది! ఇప్పుడు నా మానిటర్ పక్కనే ఉంటాడు, మెడలో పాముతో. డబ్బు కోసమైతే సీల్ కాపాడుకోండి, ఇష్టం కోసమైతే విప్పేయండి. కానీ ఏది కావాలో కొనకముందే తేల్చుకోండి. నాలాగా కొన్నాక కాదు.

మీరైతే విప్పేవారా, దాచేవారా? కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!