వాదర కాదు బ్రో, వెన్ను చూడు!

కాగితం సర్రున తెగింది. గడ్డం మాత్రం తెగలేదు. అద్దం ముందు నురగ పూసుకుని, చేతిలో తాతయ్య మంగలి కత్తి పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డా. బుగ్గ మీద రెండు ఎర్రటి గీతలు. ఒక్కో వెంట్రుకా పీకుతున్నట్టు మంట.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇనప్పెట్టెలో దొరికింది ఆ కత్తి. కొమ్ము పిడి, మడిచి పెట్టుకునే రకం. పట్టుకునే చోట చిన్న అక్షరాల్లో ‘సోలింగెన్’ అని ఉంది. తాతయ్య పోయి ఆరేళ్లయింది. “రోజూ తుడిచి, నూనె రాసి పెట్టుకునేవారురా, జాగ్రత్త” అంటూ నాన్నమ్మ నా చేతిలో పెట్టింది. నేను హైదరాబాద్ ఫ్లాట్‌కి తెచ్చి, ఆన్‌లైన్‌లో ఓ సానరాయి కొని, వంటింటి చాకు నూరినట్టే వెన్ను కాస్త పైకెత్తి గంటసేపు నూరేశా. వీడియోల్లో చాకుని అలాగే కదా నూరతారు!

అక్కడే తప్పు జరిగింది. అదేంటో తెలియడానికి మళ్లీ ఊరెళ్లాల్సి వచ్చింది.

కత్తిలోనే కొలత ఉంది

తాతయ్యకి చివరి రోజుల్లో గడ్డం గీసిన బాబాయ్ ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. కత్తి తీసుకుని వెలుతురుకి అడ్డంగా పట్టి చూశాడు. “వెన్ను ఎత్తి నూరావా అబ్బాయ్?” అన్నాడు. తల ఊపా. కత్తిని రాయి మీద పడుకోబెట్టాడు. వెన్నూ, వాదరా రెండూ ఒకేసారి రాయిని తాకాయి. “ఇది చాకు కాదు. కోణం నీ చెయ్యి ఇచ్చేది కాదు, చేసినోడే ఇచ్చి పంపాడు” అన్నాడు.

ఆ మాటతో నా బుర్రలో లైటు వెలిగింది. మంగలి కత్తి వెన్ను అంత మందంగా ఉండేది బలం కోసమే అనుకున్నా ఇన్నాళ్లూ. నిజానికి నూరేటప్పుడు కోణం మారకుండా చూసే గైడ్ కూడా అదే. మా భాషలో చెప్పాలంటే, కోణం హార్డ్‌కోడ్ చేసి ఉంది. యూజర్ ముట్టుకోకూడదు.

లెక్క కూడా ఇంటర్ ట్రిగొనామెట్రీయే. ఈ కత్తుల వెడల్పుని అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతారు. తాతయ్యది 5/8, అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు. వెన్ను మందం 4.5 మిల్లీమీటర్లు. అందులో సగం, అంటే 2.25ని 16తో భాగిస్తే 0.14. దానికి ఇన్వర్స్ టాన్ తీస్తే 8 డిగ్రీలు. రెండు వైపులా కలిపితే 16. మంచి మంగలి కత్తులన్నీ కాస్త అటూ ఇటూగా ఇక్కడే ఉంటాయి. ఇంతకంటే మరీ సన్నమైతే వాదర మడత పడుతుంది, పెచ్చులూడుతుంది. మరీ మందమైతే వెంట్రుకని కోయకుండా లాగుతుంది.

నేనేమో వెన్ను ఎత్తి, వైపుకి 20 చొప్పున మొత్తం 40 డిగ్రీలకి తెచ్చా. ఆ కోణం ఉల్లిపాయకి చాలు, కాగితానికీ చాలు. గడ్డానికి చాలదు.

ఇంకో చమత్కారం ఉంది. సరిగ్గా నూరితే వాదరతో పాటు వెన్ను కూడా కొద్దికొద్దిగా అరుగుతుంది. వెడల్పు తగ్గుతున్నా మందం కూడా తగ్గుతుంది కాబట్టి ఏళ్ల తరబడి కోణం దాదాపు అలాగే ఉంటుంది. వెన్ను అరగకూడదని కొందరు దాని మీద కరెంటు టేపు అంటిస్తారు. ఆ పల్చటి టేపు ఒక్క వరసే కోణాన్ని సుమారు ఒక డిగ్రీ పెంచేస్తుంది. అంటించేవాళ్లు ప్రతిసారీ అంటించాలి, లేదంటే ఎప్పుడూ అంటించకూడదు.

పాడే కత్తి, బరువు కత్తి

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్, జర్మనీలోని సోలింగెన్ - ఈ కత్తుల చరిత్రంతా దాదాపు ఈ రెండు ఊళ్ల చుట్టూనే తిరుగుతుంది. 1740ల్లో షెఫీల్డ్ ప్రాంతంలో బెంజమిన్ హంట్స్‌మన్ మూసల్లో ఉక్కు కరిగించి, లోపలంతా ఒకే తీరుగా ఉండే ఉక్కు తీశాడు. సన్నటి వాదర నిలవాలంటే అలాంటి ఉక్కే కావాలి. ఆనాటి కత్తులు అడ్డంగా కోసి చూస్తే మేకులాంటి త్రికోణం. బరువు ఎక్కువ, చేతిలో కదలకుండా నిలుస్తాయి.

తర్వాత చిన్న చక్రాల మీద రెండు పక్కలా గుంటగా అరగదీయడం వచ్చింది. సోలింగెన్ పనివాళ్లు ఇందులో ఆరితేరారు. పూర్తిగా గుంట తీసిన కత్తి వాదర దగ్గర ఎంత పల్చగా ఉంటుందంటే, గడ్డం మీద నడుస్తుంటే సన్నగా మోగుతుంది. అందుకే దాన్ని పాడే కత్తి అంటారు. తాతయ్యది ఆ రకమే.

గుంట ఎంత తీసినా వాదర కోణం మాత్రం మారదు. అది వెన్ను మందం, వెడల్పుల చేతిలోనే ఉంది. గుంట వల్ల మారేవి బరువూ, వంగే గుణమూ, చేతికి తెలిసే స్పర్శా. నూరేటప్పుడు తీయాల్సిన ఉక్కు కూడా తగ్గుతుంది. గడ్డం బిరుసుగా ఉన్నవాళ్లు కొందరు బరువు కత్తే ఇష్టపడతారు. కత్తి మాట వినాలనుకునేవాళ్లు గుంట కత్తి వైపు మొగ్గుతారు.

వెంట్రుక ఉక్కుని గెలిచేది ఎలా?

‘ఉక్కు ముందు వెంట్రుకెంత?’ అనుకుంటాం. 2020లో ఎంఐటీ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో దీని గురించే రాశారు. వెంట్రుకకంటే బ్లేడు ఉక్కు దాదాపు 50 రెట్లు గట్టిది. అయినా గీస్తున్నప్పుడు వెంట్రుక వంగి, బ్లేడుకి ఏటవాలుగా తగిలితే, ఉక్కు లోపలి నిర్మాణం సమంగా లేని చోట వాదర పెచ్చులూడుతుందట. అంటే గడ్డాన్ని బాగా తడిపి, వేడినీళ్లతో మెత్తబరిచి, నురగ పట్టించడం ముఖానికే కాదు, కత్తికి కూడా మేలే.

గీసేటప్పుడు ఇంకో కోణం ఉంది. చర్మానికీ కత్తికీ మధ్య సుమారు 30 డిగ్రీలు. మరీ నిలబెడితే తెగుతుంది, మరీ పడుకోబెడితే లాగుతుంది. రెండో చేత్తో చర్మాన్ని బిగించి, ముందు వెంట్రుక వాలు వైపే గీయాలి. గీసే ముందు ప్రతిసారీ తోలు పట్టీ మీద తిప్పాలి. రాయి మీద వాదర ముందు నడుస్తుంది, తోలు మీద వెన్ను ముందు నడుస్తుంది. తిప్పేటప్పుడు వెన్ను మీదుగానే తిప్పాలి. మరిచిపోయారో, తోలు కోసుకుపోతుంది, వాదరా పోతుంది.

మరి ఈ కత్తులు ఎటు పోయాయి?

1903లో అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ కంపెనీ అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల చేతికి సేఫ్టీ రేజర్ వచ్చాక కథ మారిపోయింది. కోణం గురించి ఆలోచించే పని ఫ్యాక్టరీ చూసుకుంది. మన సెలూన్లలో ఇప్పుడు కనిపించేది సగానికి విరిచిన బ్లేడు పెట్టే కత్తి. రక్తంతో సోకే జబ్బుల భయం వల్ల ఈ మార్పు మంచిదే. ఒకరి కత్తి ఇంకొకరు వాడకూడదు. సెలూన్‌కి వెళ్తే మన కళ్ల ముందే కొత్త బ్లేడు వేయమని అడగండి, మొహమాటం వద్దు.

బాబాయ్ ఆ కత్తిని మధ్యాహ్నం దాకా నూరాడు. నేను చేసిన మొద్దు కోణం పూర్తిగా పోయేదాకా వెన్ను ఆనించే నూరాలి, అడ్డదారి లేదు. పోయిన ఉక్కు తిరిగి రాదు. కోడ్ అయితే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లొచ్చు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. చివరికి చేతి మీద రోమం ఒకటి తాకించి చూసి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి గడ్డం గీశాడు. సన్నగా మోగింది. చిన్నప్పుడు పొద్దున్నే నూతి దగ్గర విన్న చప్పుడే అది. ఏంటో అప్పుడు తెలియదు.

కొన దగ్గర నేను చేసిన చిన్న నొక్కు మాత్రం పోలేదు. “దీన్ని తీయాలంటే ఇంకా చాలా అరగదీయాలి, ఉండనీ” అన్నాడు బాబాయ్. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ కత్తితోనే గడ్డం గీసుకుని, తుడిచి, నూనె రాసి పెడుతున్నా. నొక్కు సంగతి నాన్నమ్మకి ఇంకా చెప్పలేదు.