మల్లన చదరంగమున మూడు గడులు తక్కువ

తెలుగు చదివినవారికి పావులూరి మల్లన పేర వినవచ్చు చదరంగపు చంపకమాల కొత్తది కాదు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు. ఇట్లు అరువదినాలుగు గడులను నింపినచో మొత్తము 18446744073709551615. ఇరువది అంకెల యీ సంఖ్యను కవి శరములు, చంద్రుడు, వేదములు మున్నగు మాటలతో, ఒకట్ల స్థానమునుండి ఎడమకు నడుపుచు పద్యమున నిమిడ్చెను. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించిన వానికి తగిన పనియే.

పద్యమును వల్లించుచున్నాము గాని, ఆ సంఖ్య ప్రధానసంఖ్యయా, అనగా ఒకటిచేతను తనచేతను దప్ప మరి దేనిచేతను భాగింపబడనిదా, యని అడిగినవారు అరుదు. సమాధానము పద్యపు తొలిమాటలోనే యున్నది. మన్మథుని శరములు అయిదు. అయిదుతో ముగియు సంఖ్యను అయిదు భాగించును.

అట్లని చదరంగము ప్రధానసంఖ్యలకు గొడ్డుపోలేదు. మూడు గడులకు మొత్తము 7. ఏడుకొండల నీడనున్న మాకిది ముచ్చటైన ఆరంభము. అయిదు గడులకు 31, ఏడింటికి 127, అన్నియు ప్రధానసంఖ్యలే. గడుల సంఖ్య ప్రధానమైనచో మొత్తమును ప్రధానమే యని విద్యార్థి తొందరపడును. పదునొకండు గడుల మొత్తము ఆ తొందరను అణచును: 2047 = 23 × 89.

తొందర విద్యార్థులకే కాదు. 1644లో ఫ్రెంచి సన్న్యాసి మెర్సెన్ ప్రకటించిన పట్టికలో 31 తరువాత 67 కలదు, 61 లేదు. పెద్దవారి మాట కావున రెండువందల యేండ్లకు పైగా నిలిచెను. 67 తగదని 1876లో ల్యూకా చూపెను. 1883లో, రష్యాలోని యూరల్ ప్రాంతపు పల్లెలలో మతగురువుగా జీవించిన ఇవాన్ పెర్వూషిన్, 61 గడుల మొత్తము 2305843009213693951 ప్రధానసంఖ్యయే యని తేల్చెను. మల్లన మొత్తమునకు మూడే గడులు తక్కువ!

దీనిని మామూలు భాగహారముతో పరీక్షింపవలెనన్న 151 కోట్లు దాటువరకు భాజకములను వెదుకవలయును. ల్యూకా కనుగొని, పిదప లేమర్ మెరుగుపరచిన ఉపాయము వేరు. 4తో మొదలిడి, వర్గముచేసి, 2 తీసివేసి, పరీక్షించు సంఖ్యచే భాగించి శేషమును గ్రహింపవలెను. ఆ శేషముతో మరల నట్లే. గడుల సంఖ్య రెండుకన్న పెద్దదగు ప్రధానసంఖ్యయైనపుడు, దానికి రెండు తక్కువ మారులు చేయగా శేషము సున్న వచ్చినచో మొత్తము ప్రధానము. 31కి మూడు మారులు చాలును: 14, 194కు శేషము 8, 62కు శేషము సున్న. 61 గడులకు ఏబదితొమ్మిది మారులు.

2024లో ల్యూక్ డ్యూరాంట్ కనుగొన్న ప్రధానసంఖ్య 13,62,79,841 గడుల మొత్తము, అంకెలు 4,10,24,320. అదియు నీ పరీక్షతో ధ్రువపడినది. దానికి యంత్రములు వలయును. పదుమూడు గడుల 8191కి మాత్రము పదునొకండు మారులే. తిరుపతి, చిత్తూరు బడులలో నల్లబల్లపై ఒక గంటలో ముగియును.