ఆ బాతులు పడాలంటే... డబ్బా టీవీ ఉండాల్సిందే!

తెలుగు, ఉర్దూ, కన్నడ కలగలిసి వినిపించే జహీరాబాద్‌లో తొంభైల నాటి పిల్లలందరికీ తెలిసిన మాట ఒకటుంది... టీవీ గేమ్! 1983లో నింటెండో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్లవి. క్యాసెట్ మీద వేల ఆటలని రాసి ఉండేది. తీరా చూస్తే పదో పాతికో, పేర్లు మార్చి మార్చి! అయినా ఎవరికీ కోపం రాలేదు. కాంట్రాలో 3 ప్రాణాలే. మీటల్ని ఓ వరుసలో నొక్కడం తెలిసినవాడికి మాత్రం 30. వాడే వీధికి హీరో!

ఇప్పుడవన్నీ సెల్‌ఫోన్లో ఆడుకోవచ్చు, తుపాకీతో ఆడే ‘డక్ హంట్’(1984) తప్ప. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి గడి వెలుగుతుంది. తుపాకీలోని సెన్సర్ ఆ వెలుగును పసిగడుతుంది. బొమ్మను రవ్వంత ఆలస్యంగా చూపే ఎల్‌సీడీలతో ఆ లెక్క కుదరదు. అటక మీది డబ్బా టీవీని పాతసామాన్లకు వేసేముందు, పక్కన తుపాకీ కూడా ఉందేమో చూడండి మరి!