రికార్డ్ ప్లేయర్ వైరు ఎంత పొడుగుండొచ్చు?

రికార్డ్ ప్లేయర్ ఒక గోడకు, ఆంప్లిఫయర్ ఎదుటి గోడకు. మధ్యన ఐదు మీటర్ల వైరు లాగితే పాట చెడుతుందా? కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో మైకుసెట్లు నడిపినవాళ్లు దీనికి చేతల్లోనే జవాబు చెప్పారు. పెండ్లిలో రికార్డులు వేసే పెట్టె ఆంప్లిఫయర్ పక్కనే ఉండేది. పొడుగాటి వైర్లన్నీ ఆంప్లిఫయర్ దాటాక, చెట్టుమీది హారన్లకే.

ఆంప్లిఫయర్ దాటిన పాటకు బలం ఉంటుంది. అహుజా వంటి మైకుసెట్టు ఆంప్లిఫయర్లలో 100 వోల్టుల లైను ఉంటుంది. దానిమీద 50 వాట్లు పంపడానికి అర ఆంపియరు చాలు. అదే 8 ఓమ్‌ల స్పీకరుకు నేరుగా ఇస్తే రెండున్నర ఆంపియర్లు పారాలి, వైరులో నష్టం 25 రెట్లవుతుంది.

ముల్లు దగ్గర అంత బలం ఎక్కడిది? ముల్లు ఊపును కరెంటుగా మార్చే ఇప్పటి మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. వైరు నడిమి తీగకూ, చుట్టూ అల్లిన జాలీకీ మధ్య కెపాసిటెన్స్ ఉంటుంది. మామూలు వైరులో మీటరుకు దాదాపు 100 పికోఫారడ్లు. పొడుగు పెరిగితే అదీ పెరుగుతుంది. కార్ట్రిడ్జ్‌లోని చుట్ట అర హెన్రీ అనుకుందాం. మొత్తం 200 పికోఫారడ్లయితే ఆ రెండూ కలిసి 16,000 హెర్ట్జ్ దగ్గర అనునాదం చేస్తాయి. 400 అయితే అది 11,000కు దిగుతుంది. ఆ చోట శబ్దం కాస్త ఉబ్బి, ఆపైన పైస్వరాలు రాలిపోతాయి.

హనుమాజీపేట కవి సినారె తొలి సినిమా పాటలున్న 1962 నాటి ‘గులేబకావళి కథ’ రికార్డు వేస్తే ఈ తేడా అంతగా పట్టుబడదు. ఆనాటి రికార్డుల్లో అంత పైస్వరాలు తక్కువే. అరవై దాటిన చెవికీ తెలియకపోవచ్చు. ఖరీదైన వైరు అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

అసలు బెడద గుయ్యిమనే మోత. రామగుండంలో పుట్టే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ ఊపు పొడుగాటి వైరులోకి సులువుగా చొరబడుతుంది. పైగా రికార్డు కోసేటప్పుడు తగ్గించిన మంద్రస్వరాలను, కార్ట్రిడ్జ్ సంకేతానికి బలమిచ్చే ఫోనో ప్రీఆంప్ తిరిగి పెంచుతుంది. 1,000 హెర్ట్జ్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్ దగ్గర ఆ పెంపు ఏడింతలు. మోత వస్తుంటే ముందు ఎర్తు తీగ బిగించి చూడండి.

పాత పెట్టెల్లోని క్రిస్టల్, సిరామిక్ కార్ట్రిడ్జుల తీరు వేరు. వాటి బలం వందల మిల్లీవోల్టులు. అవే కెపాసిటర్లలా పనిచేస్తాయి గనుక వైరు పొడుగైతే శబ్దం కొంచెం తగ్గుతుంది తప్ప పైస్వరాలు పోవు. మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్‌కూ కెపాసిటెన్స్‌తో పెద్ద పేచీ లేదు. కానీ దాని బలం మామూలుగా అర మిల్లీవోల్టు లోపే, అందుకే గుయ్యిమనే మోతకు ఇట్టే దొరుకుతుంది.

మూవింగ్ మ్యాగ్నెట్‌కు మీటరు, మీటరున్నర వైరు సరిపోతుంది. అంతకన్నా దూరం తప్పకపోతే ఫోనో ప్రీఆంప్‌ను ప్లేయర్ పక్కకే తెచ్చి, అక్కడినుంచి ఐదు మీటర్లేం, పది మీటర్లు లాగినా ఫరవాలేదు. అలాగని వైరును మరీ కుదించనూ వద్దు. కొన్ని పాత షూర్ కార్ట్రిడ్జులు 400 నుంచి 500 పికోఫారడ్లు కోరేవి. పొట్టి వైరుతో వాటి పైస్వరాల తీరే మారిపోతుంది.