ఇంటిగుట్టు తనే రాసింది

1958లో హాలీవుడ్ పత్రికలకు పండగే పండగ. ‘సింగిన్ ఇన్ ద రెయిన్’ నాయిక డెబ్బీ రేనాల్డ్స్, కుర్రకారు వెర్రెత్తిపోయిన గాయకుడు ఎడ్డీ ఫిషర్ అమెరికా ముద్దుల జంట. ఎడ్డీ ప్రాణస్నేహితుడు, నిర్మాత మైక్ టాడ్ ఆ మార్చిలో విమాన ప్రమాదంలో పోయాడు. అతని భార్య ఎలిజబెత్ టేలర్‌ను ఓదార్చబోయిన ఎడ్డీ చివరికి ఆమెకే దగ్గరయ్యాడు. అప్పటికి కూతురు క్యారీకి రెండేళ్లు నిండలేదు. నెలల పిల్లాడైన తమ్ముడి పేరు టాడ్. పోయిన ఆ స్నేహితుడి పేరే!

క్యారీ ఫిషర్ అనగానే మనకు గుర్తొచ్చేది 1977 నాటి ‘స్టార్ వార్స్’, అందులో చెవుల మీద ముడులు చుట్టుకున్న ప్రిన్సెస్ లేయా. నిజానికి ఆమె నటన కంటే రాతే పదునైనది.

ముప్ఫై ఏళ్లు రాకముందే మందుల మోతాదు మించి ఆస్పత్రి పాలైంది. ఆ అనుభవంలోంచే 1987లో ‘పోస్ట్‌కార్డ్స్ ఫ్రమ్ ద ఎడ్జ్’ నవల వచ్చింది. వ్యసనం నుంచి బయటపడుతున్న సుజాన్ అనే నటి కథ అది. 1990లో మైక్ నికల్స్ దాన్ని సినిమాగా తీసినప్పుడు స్క్రీన్‌ప్లే కూడా క్యారీయే రాసింది. నవలకన్నా తెరమీద తల్లి పాత్రకు పెద్దపీట దక్కింది. కోలుకుని వచ్చిన కూతురి కోసం ఇంట్లో విందు. కూతురు ఒక పాట పాడుతుంది. ఆ వెంటనే తల్లి అందుకుంటుంది, అంతే, విందంతా తల్లిదైపోతుంది! కూతురి ముఖంలో ప్రేమా ఉంటుంది, ఉడుకుమోత్తనమూ ఉంటుంది. తన పోలికలున్న ఆ తల్లి వేషం తనకే ఇమ్మని డెబ్బీ అడిగితే నికల్స్ కాదన్నాడట. షర్లీ మెక్‌లేన్ వేసింది. డెబ్బీ పాత్రకు డెబ్బీ పనికిరాకపోవడం హాలీవుడ్‌లోనే చెల్లుతుంది.

తర్వాత ‘హుక్’, ‘సిస్టర్ యాక్ట్’ లాంటి సినిమాల స్క్రిప్టులకు మెరుగులు దిద్దింది. టైటిల్స్‌లో పేరుండదు, డబ్బు మాత్రం బాగా ముట్టేది.

ఆమె చమత్కారం పూర్తిగా చూడాలంటే ‘విష్‌ఫుల్ డ్రింకింగ్’ ఏకపాత్ర ప్రదర్శనే. 2009లో బ్రాడ్‌వేకు కూడా వెళ్లింది. అందులో ఒక ముచ్చట: క్యారీ కూతురు బిల్లీకి ఎలిజబెత్ టేలర్ మనవడితో పరిచయమైంది. మేమిద్దరం చుట్టాలమా అని తల్లిని అడిగింది. దానికి జవాబుగా క్యారీ వేదిక మీద నల్లబల్ల పెట్టి, ఫొటోలు అంటించి, పెళ్లిళ్లూ విడాకులూ గీతలు గీసి పంతులమ్మలా పాఠం చెప్పింది. అర్ధశతాబ్దం కిందట పత్రికలు అమ్ముకున్న గొడవకు ఇప్పుడు టిక్కెట్టు పెట్టింది ఆమే. తన బైపోలార్ జబ్బు గురించీ అంతే బాహాటంగా మాట్లాడేది.

ఇంతటి మనిషీ ఒక్క సంగతిని నలభై ఏళ్లు దాచుకుంది. ‘స్టార్ వార్స్’ షూటింగ్‌లో హారిసన్ ఫోర్డ్‌తో నడిచిన ప్రేమ కథ అది. నాటి డైరీలు మళ్లీ చేతికి దొరికాక, 2016 నవంబరులో ‘ద ప్రిన్సెస్ డైరిస్ట్’గా బయటపెట్టింది. డిసెంబరు 27న, అరవయ్యో ఏట కన్నుమూసింది. మర్నాడే తల్లి డెబ్బీ కూడా పోయింది. క్యారీ స్వయంగా చదివిన ఆ పుస్తకం ఆడియోకు 2018లో గ్రామీ వచ్చింది.